బోదకాలుకు సాక్సు ఇస్తే సరిపోదు, కొలత కూడా తియ్యాలి



మన గ్రూపులో పోడు పట్టాల గురించి రాసుకుంటాం, జీవో నంబర్ 3 గురించి, స్కాలర్‌షిప్పులు ఆగిన సంగతి, నోటిఫికేషన్ల గురించి రాసుకుంటాం. ఇవాళ ఒక కాలు గురించి రాస్తున్నాం. కాస్త పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఎందుకంటే మీ గూడెంలో కూడా ఇలాంటి కాలు ఒకటైనా ఉండే ఉంటది. మీ హాస్టల్లో కూడా ఉండొచ్చు, మీకు తెలియకుండా.

మేము ముగ్గురం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒకే గూడెం. ఒకరు నర్సింగ్, ఒకరు డిగ్రీ, ఒకరు ఐటీఐ. మాలో ఒకరికి ఆమె సొంత పెద్దమ్మ, మిగతా ఇద్దరికీ వరస కలిసిన పెద్దమ్మ. ఊరంతా ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తది కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాం.

పెద్దమ్మ ఎడమ కాలికి బోదకాలు. పదిహేనేళ్లు దాటింది. మొదట సాయంత్రం అయ్యేసరికి మడమ దగ్గర వాపు వచ్చి, పొద్దునకి తగ్గిపోయేదంట. తర్వాత తగ్గడం మానేసింది. వెండి కడియం కాలికి బిగిసిపోయి చర్మంలోకి దిగితే, సంతకు వచ్చే కంసాలి దగ్గర కోయించారు. ఆ కడియం పెళ్లినాటిది. కాలు కన్నా కడియం గురించే ఎక్కువ ఏడ్చిందని అమ్మవాళ్లు చెప్తారు. ఆ తర్వాత పెళ్లిళ్లకు పోవడం తగ్గించింది. పండక్కి అందరూ చేతులు పట్టుకొని ఆడుతుంటే తను గడప దగ్గర కూర్చొని చూసేది. ఎవరన్నా అడిగితే "కాలు బరువు బిడ్డా" అని ఊరుకునేది.

దీన్ని మనోళ్లు ఎట్లా చూస్తారో తెలిసిందే కదా. కొందరు చేతబడి అంటారు, కొందరు తొక్కరానిది తొక్కింది అంటారు. పెద్దమ్మ కూతురికి సంబంధం వచ్చినప్పుడు అవతలోళ్లు "తల్లికుంది, పిల్లకు రాదా" అని వెనక్కి పోయారు. ఈ జబ్బు తల్లి నుంచి పిల్లకు రాదు. ఆ కాలిని ముట్టుకుంటే రాదు, ఆమె వండింది తింటే రాదు. ఈ ఒక్క మాట మీ గూడెంలో గట్టిగా చెప్పగలిగితే చాలు, ఒక ఆడపిల్ల సంబంధం నిలబడొచ్చు.

మరి ఎట్లా వస్తది? మన దేశంలో బోదకాలు ఎక్కువగా ఉచరేరియా బ్యాంక్రాఫ్టీ అనే సన్నని దారంలాంటి పురుగు వల్ల వస్తది. దాన్ని మోసేది క్యూలెక్స్ దోమ. మలేరియా దోమ వేరే, ఇది వేరే. క్యూలెక్స్‌కి మురికి నీళ్లు ఇష్టం. మురుగుకాలవ, సెప్టిక్ ట్యాంకు, బోరింగు దగ్గర నిలిచిన బురద, ఇవి దాని ఇల్లు. మన ఆశ్రమ పాఠశాలల వెనకాల ఎట్లా ఉంటదో ఒకసారి గుర్తు చేసుకోండి. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి ఒక వల గుడ్డ కట్టినా దోమ చాలావరకు తగ్గుతది. అది వార్డెన్‌ని మనమే అడగాలి.

ఒంట్లో రక్తంతో పాటు ఇంకో నీరు కూడా తిరుగుతది. పుస్తకాల్లో శోషరసం అంటారు, డాక్టర్లు లింఫ్ అంటారు. రక్తనాళాల్లోంచి ఊరిన నీటిలో కొంత, రోజుకు రెండు మూడు లీటర్లు, సన్నటి వేరే గొట్టాల గుండా మళ్లీ రక్తంలో కలవాలి. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. ఈ నీటిని తోయడానికి గుండె లేదు. ఆ గొట్టాలు తమంతట తాము కొంచెం ముడుచుకుంటాయి, మనం నడిచినప్పుడు పిక్క కండ వాటిని పిండుతది. లోపల చిన్న చిన్న కవాటాలు ఉండి నీరు కిందికి జారకుండా ఆపుతాయి. పురుగులు ఆ గొట్టాల్లోనే కాపురం పెడతాయి, ఏళ్ల తరబడి బతుకుతాయి. గొట్టం సాగిపోతది, కవాటం పాడవుద్ది, నీరు కాలిలోనే నిలుస్తది. నిలిచిన చోట చర్మం గట్టిపడి, మడతలు పడి, చివరికి చెట్టు బెరడులా అవుద్ది.

ఏటా ఆశా అక్కలు వచ్చి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రల మీద మన గూడేల్లో ఉన్న కోపం కూడా ఇక్కడే అర్థమైతది. "నేను మింగా, నా కాలేం తగ్గలా" అని పెద్దమ్మే అనేది. మాత్ర రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపుతది, దోమ ద్వారా ఇంకొకరికి పోకుండా ఆపుతది. పాడైన గొట్టాన్ని బాగుచెయ్యదు. అంటే ఆ మాత్ర పెద్దమ్మ కాలు కోసం కాదు, మన చెల్లెళ్ల కాళ్ల కోసం. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుగా ఉన్నవాళ్లు తప్ప అందరూ అన్నం తిని మింగాల్సిందే. 2027 నాటికి బోదకాలు లేకుండా చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. కొత్తవి రాకుండా చెయ్యడం ఒక పని. ఇప్పటికే వాచిన కాళ్ల సంగతి ఇంకో పని. ఈ పోస్టు రెండో దాని గురించి.

పోయిన దసరా సెలవుల్లో పెద్దమ్మ ట్రంకు పెట్టెలో చీరల అడుగున ఒక అట్టపెట్టె కనపడింది. లోపల తేనెరంగు సాక్సు, మోకాలి దాకా వచ్చేది. రెండేళ్ల కింద ఒక శిబిరంలో ఇచ్చారంట. అందరికీ ఒకే సైజు. ఎట్లా వేసుకోవాలో ఎవరూ చూపించలేదు. పెద్దమ్మ ఒకరోజు వేసుకుంది. పైన మోకాలి కింద బిగుసుకొని ఉరితాడులా కోసింది, పాదం ఇంకా ఉబ్బింది. తీసి పెట్టెలో పెట్టేసింది. "గవర్నమెంటోళ్లు ఇచ్చిందాన్ని పారేస్తే పింఛను ఆపుతారేమోనని దాచినా" అన్నది. నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

ఆ సాక్సు చెడ్డది కాదు. కొలత లేకుండా ఇవ్వడం చెడ్డది. చెప్పుల షాపులో కూడా కాలు చూసే చెప్పు ఇస్తారు.

ఇది ఎట్లా పనిచేస్తదో నర్సింగ్ చదివే మా అక్క వివరించింది. దీన్ని కంప్రెషన్ స్టాకింగ్ అంటారు. మామూలు సాక్సు కాదు. మడమ పైన, చీలమండ దగ్గర ఎక్కువ బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ బిగువు ఉండేలా అల్లుతారు. నీరు ఎటు బిగువు తక్కువో అటు పోవాలి కదా, అందుకు. ఇంకో సంగతి, అది నీటిని తనంతట తాను పిండదు. మనం నడుస్తుంటే పిక్క కండ ఉబ్బుతది, బయట సాక్సు గోడలా నిలబడుతది, మధ్యలో నీరు నలిగి పైకి పోతది. అంటే సాక్సు వేసుకొని మంచం మీద కూర్చుంటే సగం లాభమే. వేసుకొని నడవాలి.

దీని వెనక ఒక కథ ఉంది. అమెరికాలో స్థిరపడ్డ కాన్రాడ్ జాబ్స్ట్ అనే జర్మన్ ఇంజినీరుకు కాళ్లలో సిరల జబ్బు ఉండేది. ఈతకొలనులో నిలబడితే నొప్పి తగ్గుతుందని గమనించాడు. నీళ్లలో లోతు పెరిగేకొద్దీ ఒత్తిడి పెరుగుతది, కాబట్టి పాదం దగ్గర ఎక్కువ, పైన తక్కువ. ఆ ఒత్తిడినే బట్టలో అల్లితే ఎట్లా ఉంటదని ఆలోచించి, 1950 ప్రాంతంలో ఇలాంటి సాక్సు తయారుచేశాడు. మన లెక్కలో చెప్పాలంటే మోకాటి లోతు వాగులో నిలబడితే పాదం మీద పడే ఒత్తిడి 30 నుంచి 35 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటది. బీపీ కొలిచే లెక్కే ఇది. ఈ మాట చెప్తే పెద్దమ్మ వెంటనే "అవును, వాగు దాటేటప్పుడు కాలు తేలిగ్గా ఉండేది" అన్నది. పదిహేనేళ్లుగా ఆమెకు తెలిసిన సంగతే అది, పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

బిగువును బట్టి క్లాసులు ఉంటాయి. జర్మనీ ప్రమాణం ప్రకారం క్లాస్ 2 అంటే చీలమండ దగ్గర 23 నుంచి 32, క్లాస్ 3 అంటే 34 నుంచి 46 మిల్లీమీటర్లు. కంపెనీని బట్టి, దేశాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి, కాబట్టి పెట్టె మీద క్లాసు కాదు, మిల్లీమీటర్ల అంకె చూడాలి. ఏది కావాలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పాలి. షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. షుగరు వల్ల కాలు మొద్దుబారినవాళ్లు, పాదంలో నాడి సరిగా అందనివాళ్లు, గుండె బలహీనత ఉన్నవాళ్లు పరీక్ష లేకుండా అసలు వేసుకోవద్దు. రక్తం సరిగా పారని కాలికి బిగువు వేస్తే పుండు పడుతది, వేళ్లు పోతాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. బాగా వాచిన కాలికి నేరుగా సాక్సు కొలవరు. ముందు వాపు తగ్గించాలి, తర్వాత కొలవాలి. దసరా తర్వాత పెద్దమ్మను బస్సులో జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ ఫిజియోథెరపీ సార్ ముందు పాదంలో నాడి చూసి, తర్వాత కట్టు కట్టడం నేర్పించాడు. కింద దూది పొర, దాని మీద తక్కువ సాగే బ్యాండేజీ, కాలివేళ్ల మొదలు నుంచి పైకి, మడమ కనపడకుండా. మెడికల్ షాపులో దొరికే క్రేప్ బ్యాండేజీ బాగా సాగుతది. నడిచేటప్పుడు లొంగిపోతది, పడుకున్నప్పుడు పిసుకుతది. తక్కువ సాగేది దానికి ఉల్టా. నడిచేటప్పుడు గట్టిగా నిలబడతది, పడుకున్నప్పుడు ఊరుకుంటది. కట్టినాక వేళ్లు నీలంగా మారినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పుట్టినా వెంటనే విప్పెయ్యాలి. ఈ మాట మాతో మూడుసార్లు చెప్పించుకున్నాడు ఆ సారు.

కానీ కట్టు కన్నా ముందు కడగడం ఉంది. ఇది అన్నింటికన్నా చవక, అన్నింటికన్నా ముఖ్యం. రోజూ సబ్బుతో, మామూలు నీళ్లతో కాలు కడగాలి. మడతల మధ్య, వేళ్ల సందుల్లో మెత్తగా వేళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. వేళ్ల సందుల్లో పాచితే ఫంగస్ మందు రాయాలి. ఆ చిన్న పగులులోంచే సూక్ష్మక్రిములు పోతాయి. అప్పుడే చలి పెట్టి జ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రగా మండుతది. పెద్దమ్మకు ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేది. అట్లా వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకో మెట్టు లావయ్యేది. ఆ జ్వరం ఉన్న రోజుల్లో కట్టు కట్టొద్దు, సాక్సు వెయ్యొద్దు, కాలు పిసకొద్దు, ఆకు పసరు రాయొద్దు. చల్లటి తడిగుడ్డ వేసి, కాలు ఎత్తులో పెట్టి, పీహెచ్‌సీకి పోయి మందులు వాడాలి. కేరళలో కాసరగోడ్‌లో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ వాళ్లు కూడా కడగడం, యోగా, ఆయుర్వేదం, కట్లు అన్నీ కలిపే ఈ వైద్యం చేస్తారు. ఒక్క సాక్సుతో అయ్యే పని కాదని దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

మేము కాలేజీలకు వచ్చేశాక పెద్దమ్మ కూతురే రోజూ కట్టింది. వీడియో కాల్‌లో అక్క చూసేది, సిగ్నల్ కోసం ఆ పిల్ల గుట్ట ఎక్కేది. సంక్రాంతికి పోయి కొలిస్తే చీలమండ దగ్గర 38 సెంటీమీటర్లున్నది 33 అయ్యింది. అప్పుడు పొద్దున్నే, మంచం దిగకముందే కొలతలు తీయించాం. పాదం పొడవు, చీలమండ, పిక్క, మోకాలి కింద. సాయంత్రం కొలిస్తే వాచిన కాలి కొలత వస్తది, ఆ సాక్సు పొద్దున వదులైపోతది. ఖరీదు మూడు వేల చిల్లర. ముగ్గురం స్కాలర్‌షిప్పులోంచి తలా కొంత వేసి, మిగతాది పెద్దమ్మ మిరప కూలి డబ్బులోంచి ఇచ్చింది.

వేసుకోవడం కూడా ఒక విద్యే. పొద్దున లేవగానే, కాలు ఇంకా తగ్గి ఉన్నప్పుడే వేసుకోవాలి. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు తొడుక్కుంటే పట్టు దొరుకుతది. మడమ మడమ దగ్గరే కూర్చోవాలి, ఎక్కడా ముడత ఉండొద్దు, పైన మడిచి పెట్టొద్దు. మడిస్తే అక్కడ బిగువు రెండింతలవుద్ది. పెద్దమ్మకు మొదటిసారి కోసింది అందుకే. మెట్టెలు, పట్టీలు దారాన్ని పట్టి చింపుతాయి. రాత్రి తీసెయ్యాలి. బండ మీద బాదొద్దు, పిండొద్దు, పొయ్యి మీద దండెం మీద ఆరేయొద్దు. సబ్బునీళ్లలో ముంచి తీసి, గుడ్డలో చుట్టి ఒత్తి, నీడలో ఆరేయాలి. అంత చేసినా ఆరునెలలకు సాగిపోతది, కొత్తది కావాలి. ఒకటి ఉతికితే ఇంకోటి వేసుకోవాలి కాబట్టి రెండు ఉండాలి. అంటే ఏడాదికి నాలుగు. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఫైలేరియా ఉన్నవాళ్లకు తెలంగాణలో ఆసరా కింద మొదలై, ఇప్పుడు చేయూత పేరుతో వచ్చే పింఛను నెలకు 2,016 రూపాయలు. అందులో బియ్యం కాక మిగతావన్నీ కొనుక్కోవాలి.

ఇక అసలు కష్టం ఇక్కడుంది. ఫిబ్రవరి, మార్చిలో మిరప కోతలకు పెద్దమ్మ సాక్సు వేసుకొనే పోయింది. ఎండకు లోపల చెమట పట్టి దురద పెట్టినా ఓర్చుకుంది. మధ్యాహ్నం చెట్టు కింద కాసేపు కాలు ఎత్తి పెట్టుకొనేది. ఆ రెండు నెలల్లో జ్వరం ఒక్కసారీ రాలేదు. కానీ వానాకాలం నాట్లు వచ్చేసరికి గొడవ మొదలైంది. బురద మడిలో సాక్సు పనికిరాదు. వట్టి కాలుతో దిగితే వేళ్ల సందులు పాచిపోతాయి, మళ్లీ జ్వరం. ఆపేద్దామంటే అది ఊరందరికీ పని దొరికే కాలం. ఆ కూలి పోతే అప్పు తీరదు.

మాలో మాకే మాట కలవలేదు. అక్క "నాట్లకు పోవద్దు, అంతే" అన్నది. ఐటీఐ తమ్ముడు "కూలి ఎవరిస్తరు, నువ్విస్తవా?" అన్నాడు. ఇద్దరిదీ నిజమే. చివరికి పెద్దమ్మే తేల్చింది. "నారు పీకి కట్టలు కట్టే పని చేస్తా, నారుమడిలో నీళ్లు తక్కువ. మడిలో నాటు పని నా కూతురు చేస్తది. ఇంటికొచ్చినంక కడిగి, ఆరబెట్టి, సాక్సు వేసుకుంటా." కూలి కొంత తగ్గింది. ఆ వానాకాలంలో ఒకసారి జ్వరం వచ్చింది. అంతకుముందు ఒక్క వానాకాలంలోనే మూడుసార్లు వచ్చేది. ఇది గెలుపని మేము అనం. కానీ ఆమె నిర్ణయం ఆమె తీసుకుంది, తెలిసి తీసుకుంది. అది చిన్న సంగతి కాదు.

ఈ పోస్టు రాయడానికి ఇంకో కారణం ఉంది. పెద్దమ్మ సంగతి అక్క తన హాస్టల్లో చెప్తుంటే ఒక జూనియర్ పిల్ల రాత్రి వచ్చి లంగా కొంచెం ఎత్తి చూపించింది. కుడి చీలమండ వాపు. వేలితో నొక్కితే గుంట పడుతోంది. పొద్దునకి తగ్గుద్దంట. రెండేళ్లుగా దాస్తోంది, ఎవరికన్నా తెలిస్తే పెళ్లి కాదని. అది మొదటి దశ. ఆ దశలో పట్టుకుంటే కడగడం, మడమ పైకీ కిందికీ ఆడించే వ్యాయామం, కాలు ఎత్తి పడుకోవడం, సరైన సాక్సు, వీటితో జీవితమంతా అక్కడే ఆపొచ్చు. వాపుకు వేరే కారణాలు కూడా ఉంటాయి, గుండె, కిడ్నీ, రక్తం గడ్డకట్టడం లాంటివి. అందుకే ముందు పరీక్ష. ఫైలేరియా పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలోకి వస్తాయి కాబట్టి రాత్రి రక్తం తీస్తారు. ఎవరన్నా రాత్రి వచ్చి వేలు గుచ్చితే భయపడొద్దు. ఆ పిల్ల ఇప్పుడు వైద్యంలో ఉంది. ఇంతకన్నా ఆమె గురించి రాయం.

కాబట్టి మిత్రులారా, ఈ సెలవుల్లో గూడెం పోయినప్పుడు ఈ నాలుగు పనులు చెయ్యండి.

బోదకాలు ఉన్నవాళ్ల ఇంటికి పోయి, వాళ్ల అనుమతి అడిగి, ఒకసారి దగ్గరుండి కాలు కడిగి చూపించండి. మీ చేతులతో ముట్టుకోండి. మీరు ముట్టుకోవడం ఊరు చూడాలి.

వాళ్ల పేరు సబ్ సెంటర్ రిజిస్టర్‌లో ఉందో లేదో ఏఎన్ఎం అక్కను అడగండి. టబ్బు, మగ్గు, టవలు, సబ్బు, ఫంగస్ మందు ఉన్న కిట్టు ఇవ్వాలి. పింఛను రాకపోతే దరఖాస్తు రాసి పెట్టండి. ఆంధ్ర వైపు మిత్రులు అక్కడి నిబంధనలు వేరుగా ఉంటాయి, సచివాలయంలో అడగండి.

పెట్టెల్లో మూలుగుతున్న సాక్సులు ఎన్ని ఉన్నాయో లెక్క రాయండి. మాకు పంపండి, పేర్లు వద్దు, ఊరు, సంఖ్య చాలు. ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇద్దాం. మనం అడిగేది ఒకటే. ఒకే సైజు పంచడం ఆపి, వాపు తగ్గించి, పొద్దున కొలత తీసి, ఏడాదికి సరిపడా ఇవ్వాలి. కట్టడం, వేసుకోవడం ఇంట్లో ఒకరికి నేర్పాలి.

నాలుగోది, మీకే గనక వాపు ఉంటే, దాచకండి. గ్రూపులో రాయలేకపోతే మాకు విడిగా మెసేజ్ పెట్టండి. నర్సింగ్ చదివే అక్కచెల్లెళ్లు మన గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ పేరు బయటికి రాదు.

భూమి మీద హక్కు అడుగుతున్నాం. ఆ భూమి మీద నడిచే కాలు మీద కూడా హక్కు అడుగుదాం.

జై ఆదివాసీ.